పుట్టింటికి పరాయిదైన మహారాణి

సెంటు అనగానే మనకి ఫ్రాన్సు గుర్తొస్తుంది. కానీ యూరప్‌లో ఆల్కహాలుతో తయారైన తొలి సెంట్లలో ఒకటి హంగేరీ పేరు మీద ఉంది. రోజ్‌మేరీ అని, సన్నటి సూదుల్లాంటి ఆకులుండే సువాసన మొక్క ఒకటుంది కదా, దాని కొమ్మల్నీ పువ్వుల్నీ ఆల్కహాల్లో నానబెట్టి బట్టీపట్టి తీసే ఆ సెంటుని 'హంగేరీ రాణి నీళ్ళు' అనేవారు. దాని వెనక ఓ కథ కూడా ఉంది. 72 ఏళ్ళ వయసులో కీళ్ళనొప్పులతో బాధపడుతున్న హంగేరీ రాణికి ఎవరో సన్యాసి ఈ తయారీ చెప్పాడట. వాడగా వాడగా ఆవిడ ఎంత పడుచుగా అయిపోయిందంటే, సాక్షాత్తూ పోలండు రాజే వచ్చి పెళ్ళి చేసుకుంటానన్నాడట!

ఆ రాణి పేరు ఎలిజబెత్ అని చాలామంది చెబుతారు. ఆవిడ పుట్టింది 1305లో. అంటే 72 ఏళ్ళు వచ్చేది 1377లో. ఆ ఏడు పోలండు రాజు ఎవరయ్యా అంటే, ఆవిడ కన్నకొడుకే! కథలు కట్టేవాళ్ళు కాస్త లెక్కలు చూసుకోవద్దూ? ఈ కథ పుస్తకాలకెక్కింది కూడా ఆవిడ పోయిన దాదాపు 300 ఏళ్ళకి.

సెంటు కథ వదిలేద్దాం. ఆ వయసులో ఆవిడ పోలండు నుంచి తిరిగి రావడం మాత్రం నిజం. పెళ్ళికి ముందు ఉన్న ఊళ్ళో, తన కోట గుమ్మం ముందే, తన వెంట వచ్చినవాళ్ళని 160 మందిని జనం చంపేస్తే, ఆ ఊరు వదిలి వచ్చింది. ఈ ఎలిజబెత్ ఎవరో, ఆ పరిస్థితి ఎందుకొచ్చిందో చెబుతాను.

ఆవిడ తండ్రి పేరు వ్లాదిస్లావ్. మనిషి బాగా పొట్టి. అందుకని జనం ఆయనకి 'వొకియెటెక్' అని పేరు పెట్టారు. మన భాషలో చెప్పాలంటే 'మూరెడు' అన్నమాట. పోలండు చరిత్రలో ఎలిజబెత్‌కి కూడా 'మూరెడాయన కూతురు' అనే అర్థం వచ్చే పేరే ఉంది. అప్పటికి పోలండు ముక్కలు చెక్కలై ఉంది. ఈ మూరెడు మనిషి దేశాలు పట్టి తిరిగి, ఓడి, మళ్ళీ లేచి, ఆ ముక్కల్లో కొన్నిటిని కలిపి 1320 జనవరిలో క్రాకోవ్ నగరంలో కిరీటం పెట్టుకున్నాడు. పెట్టుకున్న ఆరునెలలకే, జులైలో, కూతుర్ని హంగేరీ రాజు చార్లెస్ రాబర్ట్‌కి ఇచ్చి పెళ్ళి చేశాడు. ఆ పిల్లకి 15, ఆయనకి 32. అంతకుముందు కట్టుకున్న భార్యలు పోయారు, వారసుడు లేడు. తండ్రికి సైన్యం సాయం కావాలి, అల్లుడికి కొడుకు కావాలి. పిల్లని ఎవరూ ఏమీ అడిగి ఉండరు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. చార్లెస్ రాబర్ట్ అసలు హంగేరీ మనిషి కాడు. ఇటలీలో నేపుల్స్‌ని ఏలుతున్న ఫ్రెంచి వంశం వాడు. హంగేరీ మీద ఆయనకి హక్కు ఎలా వచ్చిందంటే, ఆయన నాయనమ్మ హంగేరీ రాజు కూతురు. రాజుగారి ఇంట్లో మగసంతానం ఆగిపోతే, ఎక్కడికో కాపురానికి వెళ్ళిన ఆడపిల్ల బిడ్డలు వచ్చి రాజ్యం అడగడం ఆ దేశాల్లో మామూలే. ఆ ఆడపిల్లని మాత్రం గద్దె మీద కూర్చోబెట్టరు. ఆవిడ కొడుకునో మనవడినో కూర్చోబెడతారు. ఎలిజబెత్ జీవితమంతా ఈ లెక్క చుట్టూనే తిరిగింది.

ఐదుగురు కొడుకులు పుట్టారు. మొదటివాడు పసితనంలోనే పోయాడు. రెండోవాడు ఐదేళ్ళకి పోయాడు. 1326లో లూయీ, 1327లో ఆండ్రూ, 1332లో స్టీఫెన్. డాన్యూబ్ నది ఒడ్డున కొండమీద విషెగ్రాద్ కోట, ఆ కొండ కింద రాజుగారి ఇల్లు. అక్కడే కాపురం. కొత్తగా తవ్విన గనుల్లోంచి బంగారం వస్తోంది. 1325 నుంచి హంగేరీలో బంగారు నాణేలు కొట్టడం మొదలైంది. యూరప్ మొత్తంలో అంత బంగారం తీసే రాజ్యం అప్పట్లో మరొకటి లేదు.

1330 ఏప్రిల్ 17. రాజకుటుంబం భోజనానికి కూర్చుంది. నాలుగేళ్ళ లూయీ, రెండేళ్ళ ఆండ్రూ కూడా అక్కడే ఉన్నారు. ఫెలీసియన్ జాహ్ అనే పెద్దమనిషి లోపలికొచ్చాడు. ఆస్థానంలో తెలిసినవాడే కాబట్టి ఎవరూ ఆపలేదు. కత్తి దూసి రాజు మీద పడ్డాడు. రాజు చేతికి గాయమైంది. రాణి అడ్డం చెయ్యి పెట్టినట్టుంది, కుడిచేతి నాలుగు వేళ్ళు తెగిపోయాయి. తర్వాత పిల్లల మీదకి వెళ్ళాడు. పిల్లల గురువులు అడ్డంపడి తలల మీద దెబ్బలు తిన్నారు. యానోష్ అనే యువకుడు, రాణిగారి భోజనం వ్యవహారం చూసే ఉద్యోగి, బాకు తీసి జాహ్‌ని పొడిచాడు. మిగిలినవాళ్ళు వచ్చి నరికేశారు.

కొన్నేళ్ళ తర్వాత తయారైన హంగేరీ రాజుల బొమ్మల చరిత్రలో ఈ దృశ్యం రంగుల్లో గీసి ఉంది. బల్ల మీద వంటకాలు, చెయ్యి చాపిన రాణి, కత్తి ఎత్తిన మనిషి. ఆ పుస్తకం రాసినాయన, బీదలకి దానం చేసిన చెయ్యి అని ఆ వేళ్ళ గురించి చాలా బాధపడ్డాడు.

ఇక్కడితో ఆపేస్తే ఎలిజబెత్ మీద మనకి జాలి తప్ప ఇంకేమీ మిగలదు. కానీ ఆ తర్వాత జరిగింది కూడా చెప్పుకోవాలి. జాహ్‌కి క్లారా అని కూతురుంది. రాణి దగ్గర చెలికత్తెగా ఉండేది. ఆ అమ్మాయిని రాణి మందిరంలోంచే లాక్కెళ్ళారు. ముక్కు కోశారు, పెదవులు కోశారు, చేతివేళ్ళు నరికారు. గుర్రం మీద ఎక్కించి ఊరూరా తిప్పారు. అన్నని గుర్రం తోకకి కట్టి ఈడ్పించారు. పెళ్ళై అత్తవారింట ఉన్న సోదరిని ఒక కోట ముందు తల నరికించారు. మూడో తరం చుట్టరికం వరకూ ఆ వంశంలో ఎవర్నీ మిగల్చకూడదని తీర్పిచ్చారు.

జాహ్ ఎందుకా పని చేశాడు? రాజుని ఎదిరించిన పాత జమీందారు పక్షంలో ఒకప్పుడు ఉండేవాడు కాబట్టి అది రాజకీయపు కుట్ర అని కొందరు చరిత్రకారులంటారు. హంగేరీ బయట రాసిన కొన్ని వృత్తాంతాల్లో మాత్రం వేరే సంగతి ఉంది. రాణి తమ్ముడు కాసిమిర్, పోలండు యువరాజు, అక్కని చూడ్డానికి వచ్చి క్లారాని చెరిచాడని, అక్క అందుకు తోడ్పడిందని. ఇది నిజమో, శత్రువుల ప్రచారమో తేల్చడానికి గట్టి ఆధారం లేదు. ఐదు వందల ఏళ్ళ తర్వాత యానోష్ అరాన్ అనే హంగేరీ మహాకవి క్లారా మీద ఒక కథాగేయం రాసి, ఆ అనుమానాన్నే ఇంటింటికీ చేర్చాడు. ఎలిజబెత్ చేసిన పనులన్నీ మర్చిపోయినవాళ్ళకి కూడా ఈ నింద గుర్తుండిపోయింది.

నింద సంగతి అలా ఉంచండి. నిందలో నిజం లేదనే అనుకుందాం. తండ్రి చేసిన నేరానికి, తన గదిలో తన జుట్టు దువ్వే వయసున్న పిల్లని అలా చేస్తుంటే రాణి ఆపిందని ఎవరూ రాయలేదు. ఆపమని అడిగిందని కూడా రాయలేదు. నాలుగు వేళ్ళు పోగొట్టుకున్న మనిషి, కళ్ళ ముందు పిల్లల మీదకి కత్తి లేవడం చూసిన తల్లి. ఆ కోపం నాకర్థమవుతుంది. అయినా క్లారా గురించి చదివినప్పుడల్లా ఈ రాణి మీద నాకున్న అభిమానం ఒక మెట్టు దిగుతుంది.

1335 నవంబరులో అదే విషెగ్రాద్‌లో ముగ్గురు రాజులు కలిశారు. హంగేరీ రాజు, బొహీమియా రాజు, పోలండుకి కొత్త రాజైన తమ్ముడు కాసిమిర్. పోలండు మీద తనకున్న హక్కుని బొహీమియా రాజు డబ్బు తీసుకుని వదులుకునే ఒప్పందం అది. మనలాంటివాళ్ళకి నచ్చే వివరం ఒకటుంది. బొహీమియా రాజు పరివారానికి పూటకి 2500 రొట్టెలు, పోలండు రాజు పరివారానికి 1500 రొట్టెలు, 180 పీపాల వైను ఖర్చయ్యాయని లెక్క రాసిపెట్టారు. ఒప్పందాల గురించి పుస్తకాలు నిండా ఉన్నాయి గానీ, అన్ని రొట్టెలు కాల్చిన వంటవాళ్ళ పేరు ఒక్కటి లేదు.

కాసిమిర్‌కి మగపిల్లలు లేరు. 1339లో భార్య కూడా పోయింది. అక్క కొడుకులకే పోలండు చెందాలనే మాట అప్పుడే గట్టిపడింది. మేనమామ ఆస్తి మేనల్లుడికి అన్నమాట!

1342లో చార్లెస్ రాబర్ట్ చనిపోయాడు. 16 ఏళ్ళ లూయీ గద్దెనెక్కాడు. అప్పటినుంచి దాదాపు 40 ఏళ్ళు ఎలిజబెత్ రాజమాత. కొడుకు యుద్ధాలకు వెళ్ళే రకం. తల్లి మాట జవదాటడని పేరు. వేలు విడిచిన సంబంధాలు, పోపు గారికి రాయబారాలు, పెళ్ళిళ్ళు, వాటాలు ఆవిడ చూసుకునేది. 'వేళ్ళు లేని చేత్తో' అని ఆవిడ గురించి ఎవరైనా వెక్కిరింపుగా అనేవారో లేదో గానీ, ఆ చేత్తో నడిపిన వ్యవహారాలు చిన్నవి కావు.

అన్నిటికంటే పెద్దది నేపుల్స్ వ్యవహారం. రెండోవాడు ఆండ్రూని ఆరేళ్ళైనా నిండకుండానే, 1333లో, తండ్రి నేపుల్స్‌కి తీసికెళ్ళి అక్కడి రాజు మనవరాలు జొవాన్నాతో సంబంధం కుదిర్చి, అక్కడే వదిలేసి వచ్చాడు. ఆడపిల్లని చిన్నప్పుడే అత్తారింటికి పంపినట్టు, మగపిల్లవాణ్ణి పంపారు. పదేళ్ళ తర్వాత ఆ ముసలి రాజు పోయాడు. పోతూపోతూ రాజ్యం జొవాన్నాకొక్కదానికే రాసిపోయాడు. ఆండ్రూ రాణి మొగుడే గానీ రాజు కాదు. పరాయి ఆస్థానం. కుర్రవాడిని అందరూ మోటు మనిషి అని చులకన చేసేవాళ్ళు.

1343 వేసవిలో ఎలిజబెత్ స్వయంగా బయలుదేరింది. వెంట 27,000 మార్కుల వెండి, 17,000 మార్కుల బంగారం. మార్కంటే దాదాపు పావుకిలో తూకం. అంటే వెండి ఆరు టన్నుల పైమాట, బంగారం నాలుగు టన్నులు. బంగారు నాణేలు వేరే. సముద్రం దాటి, నేపుల్స్ వెళ్ళి, పెద్దల చుట్టూ తిరిగి, అవిన్యోన్‌లో ఉన్న పోపు దగ్గరకి రాయబారులని పంపి, కొడుక్కి కిరీటం పెట్టించమని అడిగింది. రోముకి వెళ్ళి మొక్కులు తీర్చుకుంది. హంగేరీ గనుల్లో పుట్టిన బంగారం ఇటలీ అంతటా చేతులు మారింది. పిల్లవాణ్ణి తిరిగి ఇంటికి తీసుకుపోదామని కూడా ఆవిడ అనుకుందని, జొవాన్నా, మరికొందరు నచ్చజెప్పి ఆపారని చరిత్ర చెబుతోంది. 1344లో ఒంటరిగా వెనక్కి వచ్చింది.

1345 సెప్టెంబరు 18 రాత్రి, అవెర్సా అనే ఊళ్ళో, పడకగదిలోంచి ఆండ్రూని ఎవరో పిలిచారు. బయటకి రాగానే తలుపు మూసేశారు. మెడకి తాడు బిగించి చంపి, కిందికి తోటలోకి వదిలారు. చిన్నప్పుడు హంగేరీ నుంచి వెంట వచ్చిన దాది అరుపులు విని పరిగెత్తుకొచ్చింది. అప్పటికే అయిపోయింది. ఇంకో రెండు నెలలైతే అతనికి 18 నిండేవి. పోపు చివరికి కిరీటానికి ఒప్పుకున్నాడు, ఆ కబురు నేపుల్స్ చేరుతుండగానే ఈ హత్య.

హంతకుల్లో జొవాన్నా ఉందా లేదా అన్నది ఇప్పటికీ వాదమే. పోపు ముందు విచారణలో ఆవిడ నిర్దోషి అన్నారు. హంగేరీలో ఎవరూ నమ్మలేదు. లూయీ సైన్యంతో ఇటలీ మీదకి వెళ్ళాడు. 1348 జనవరిలో నేపుల్స్ పట్టుకున్నాడు. అంతలో ప్లేగు మహమ్మారి వచ్చి పడింది, వెనక్కి వచ్చేశాడు. 1350లో మళ్ళీ వెళ్ళాడు. నిలబెట్టుకోలేకపోయాడు.

ఈ యుద్ధాల సందట్లో ఎవరూ ఎక్కువగా చెప్పని ఒక పసివాడు ఉన్నాడు. ఆండ్రూ పోయిన మూడు నెలలకి, 1345 క్రిస్మస్ రోజున, జొవాన్నాకి కొడుకు పుట్టాడు. తాతగారి పేరే పెట్టారు, చార్లెస్ అని. నేపుల్స్ పట్టుకున్నాక లూయీ ఆ పిల్లవాణ్ణి హంగేరీకి, నాయనమ్మ దగ్గరకి పంపించాడు. ఆ ఏడాదే పోయాడు, రెండున్నరేళ్ళ వయసులో. కొడుకు గుర్తుగా వచ్చిన పసివాణ్ణి ఆ నాయనమ్మ ఎన్నాళ్ళు ఎత్తుకుందో! ఆ పసివాడి తల్లి సంగతి కూడా ఆలోచించండి. అపవాదు ఒక పక్క, కన్నబిడ్డ శత్రువుల ఇంట పోవడం ఒక పక్క. 1354లో స్టీఫెన్ కూడా పోయాడు. ఐదుగురిలో లూయీ ఒక్కడే మిగిలాడు.

లూయీ మొదటి భార్య 1349లో ప్లేగులో పోయింది. రెండో కోడల్ని అత్తగారే ఎంచుకుంది. బోస్నియా పాలకుడి కూతురు. ఆ పిల్ల తల్లి పోలండు వంశంలో అమ్మాయి, ఎలిజబెత్‌కి దగ్గర చుట్టమే. ఆ పిల్ల పేరు కూడా ఎలిజబెత్! ముందు తన దగ్గరే ఉంచుకుని పెంచి, 1353లో పెళ్ళి చేసింది. అత్తా ఎలిజబెతే, కోడలూ ఎలిజబెతే. అయితే రాణీ అన్నమాటే గానీ కోడలికి రాణీత్వం లేదు. అత్తగారున్నన్నాళ్ళూ ఆవిడ నోరెత్తిన దాఖలా లేదు. కట్నం మాత్రం వచ్చింది. 1357లో బోస్నియా వాళ్ళ చేత హుమ్ ప్రాంతంలో పడమటి భాగం కట్నం కింద రాయించుకున్నారు. మరుసటేడు వెనిస్ వాళ్ళని ఓడించి డాల్మేషియా సముద్రతీరం తీసుకున్నారు. హంగేరీ పటం ఇలా ఒకచోట యుద్ధంతో, ఒకచోట పెళ్ళితో పెరిగింది.

ఆఖరికి పోలండు. 1370లో కాసిమిర్ వేటలో గుర్రం మీంచి పడి, కాలికి దెబ్బతగిలి, ఆ జ్వరంలోనే నవంబరు 5న పోయాడు. నాలుగు పెళ్ళిళ్ళు చేసుకున్నా కొడుకు లేడు. లూయీ క్రాకోవ్ వచ్చి నవంబరు 17న కిరీటం పెట్టుకున్నాడు. ఆయనకి ఆ దేశమంటే ఇష్టం లేదు, అక్కడి భాష రాదు. కిరీటం, రాజదండం మూటకట్టుకుని హంగేరీ వెళ్ళిపోయాడు. అవి మళ్ళీ పోలండు చేరింది 1412లో! దేశాన్ని చూసుకోమని తల్లిని ఉంచి వెళ్ళాడు.

అప్పటికి ఆవిడకి 65. పదిహేనేళ్ళ పిల్లగా వదిలిన ఊరికి యాభై ఏళ్ళ తర్వాత పాలకురాలిగా వచ్చింది. తండ్రి కిరీటం పెట్టుకున్న కోటలోనే కొలువు. సంతోషపడి ఉంటుందనుకుంటాను. కానీ ఆవిడ వెంట వచ్చింది హంగేరీ పరివారం. మాట్లాడేది హంగేరీ ప్రయోజనం. నా పెళ్ళయిన కొత్తలో పుట్టింటికి వెళ్తే వీధిలోవాళ్ళు ఎప్పుడొచ్చావని అడిగి ఊరుకునేవాళ్ళు కాదు, ఎన్నాళ్ళుంటావని కూడా అడిగేవాళ్ళు. క్రాకోవ్ పెద్దలు కూడా మనసులో అదే అడిగి ఉంటారు.

ఆవిడ చేసిన మొదటి పనుల్లో ఒకటి నాకు మింగుడుపడదు. తమ్ముడు కాసిమిర్ చివరి భార్యకి పుట్టిన చిన్నపిల్లలు ఇద్దర్ని, అంటే స్వయానా మేనకోడళ్ళని, హంగేరీకి పంపించేశారు. తమ్ముడి ఆ పెళ్ళి చెల్లదని, ఆ పిల్లలకి వారసత్వం లేదని తేల్చారు. రేపు వాళ్ళని పెళ్ళాడినవాడు వచ్చి పోలండు నాది అంటే కష్టం కదా!

ఈలోగా హంగేరీలో విధి వింతగా తిరిగింది. ఎన్నో ఏళ్ళు సంతానం నిలవని కోడలికి 1370 నుంచి వరసగా పిల్లలు పుట్టారు. కేథరిన్, మేరీ, యాద్విగా. ముగ్గురూ ఆడపిల్లలే. లూయీకి కొడుకు లేడు. కూతురికి పోలండు దక్కదు, ఒప్పందాలన్నీ మగ వారసుల గురించే. తమ్ముడి కూతుళ్ళకి హక్కు లేదన్నవాళ్ళే, ఇప్పుడు కొడుకు కూతుళ్ళకి హక్కు ఇమ్మని పోలిష్ పెద్దల్ని బతిమాలాల్సి వచ్చింది.

ఊరికే ఎవరిస్తారు? 1374 సెప్టెంబరులో కోషిత్సె నగరంలో బేరం కుదిరింది. కులీనుల భూములు దున్నే రైతుల మీద కమతానికి 12 గ్రోషులున్న పన్ను రెండు గ్రోషులకి తగ్గించారు. ఉద్యోగాలు స్థానికులకే అన్నారు. దేశం బయట యుద్ధానికి తీసుకెళ్తే ఖర్చు రాజే పెట్టుకోవాలన్నారు. బదులుగా పెద్దలు, రాజుగారి కూతుళ్ళలో ఒకర్ని అంగీకరిస్తామన్నారు. పోలండు కులీనులకి దేశం మొత్తానికి కలిపి అంత పెద్ద హక్కుల పత్రం దొరకడం అదే మొదటిసారి. తర్వాత నాలుగు వందల ఏళ్ళు ఆ దేశంలో రాజు కంటే వాళ్ళ మాటే ఎక్కువ చెల్లడానికి మొదటి మెట్టు అదేనంటారు. ఒక ఆడపిల్లకి గద్దె హక్కు ఇవ్వడానికి ఎంత ధర కట్టించుకున్నారో చూడండి!

ఈ కాలం గురించి మనకి తెలిసింది చాలావరకు యాంకో అనే ఆయన రాసినది. కాసిమిర్ దగ్గర పెద్ద ఉద్యోగి. కొత్త రాజు రాగానే ఉద్యోగం ఊడింది. పాత రాజు సమాధిలోంచి రాజచిహ్నాలు తీయించబోయాడని నేరం మోపి దేశం నుంచి వెళ్ళగొట్టారు కూడా. అటువంటాయన రాణిని మెచ్చుకుంటాడా? ఆవిడ పాలన దుర్మార్గం, చుట్టూ ఉన్నవాళ్ళు దోపిడీదారులు అని రాసుకుపోయాడు. సగం తీసేసి చదవాలి. కానీ సగమైనా ఉంటుంది.

1376 నవంబరులో లితువేనియన్లు దండెత్తి వస్తున్నారని కబురు వచ్చింది. తన కొడుకు పేరు వింటేనే శత్రువు ఆగిపోతాడని ఆవిడ ధీమాగా కూర్చుందట. వాళ్ళు విస్తులా నది దాకా వచ్చి, ఊళ్ళు తగలబెట్టి, వేలమందిని బందీలుగా పట్టుకుపోయారు. జనం కోపంతో రగిలిపోతున్నారు.

నెల తర్వాత, డిసెంబరు 7న, గడ్డి దగ్గర మొదలైంది. నిజంగానే గడ్డి! ఒక పోలిష్ కులీనుడి గడ్డిబండ్లు క్రాకోవ్‌లోకి వస్తుంటే, రాణి పరివారంలోని హంగేరీ సేవకులు తమ గుర్రాల కోసం దౌర్జన్యంగా లాక్కున్నారు. గొడవైంది. కొట్లాటైంది. సర్దిచెప్పమని రాణి యాన్ క్మిత అనే పోలిష్ అధికారిని పంపింది. సర్దడానికి వెళ్ళిన ఆ మనిషి మెడలో హంగేరీవాడి బాణం దిగింది. అక్కడికక్కడే పోయాడు. ఇంక ఆగలేదు. క్మిత బంధువులు, ఊరిజనం కలిసి కనిపించిన హంగేరీవాణ్ణల్లా చంపారు. ఇళ్ళల్లో దాక్కున్నవాళ్ళని లాగి చంపారు. కోటలోకి పరిగెత్తగలిగినవాళ్ళే బతికారు. తలుపులు మూసుకుని లోపల రాణి. 160 మంది పోయారని యాంకో లెక్క.

ఆవిడ మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు. మూరెడాయన కూతురు కదా. కానీ ఆ రాత్రి కిటికీలోంచి వినిపించిన అరుపులు ఆవిడకి పూర్తిగా అర్థమై ఉంటాయి. చంపుతున్నవాళ్ళ భాష ఆవిడ చిన్నప్పటి భాష, చస్తున్నవాళ్ళ భాష యాభై ఆరేళ్ళు కాపురం చేసిన భాష.

తర్వాత ఆవిడ హంగేరీకి వచ్చేసింది. లూయీ పోలండు పాలన వేరేవాళ్ళకి అప్పగించాడు. 1378లో పెద్ద మనవరాలు కేథరిన్ ఎనిమిదేళ్ళకే పోయింది. 1380లో ఎలిజబెత్ విల్లు రాసి, సొమ్ములు కొడుక్కి, కోడలికి, మనవరాళ్ళకి, మఠాలకి పంచింది. ఆ ఏడు డిసెంబరు 29న కన్నుమూసింది. 1334లో తాను కట్టించిన ఓబుడా కన్యాస్త్రీల మఠంలోనే పూడ్చిపెట్టారు. ఆ మఠం తుర్కుల దండయాత్రల కాలంలో పాడుబడిపోయింది.

ఇంకో రెండేళ్ళకి లూయీ పోయాడు. 11 ఏళ్ళ మేరీకి హంగేరీలో కిరీటం పెట్టారు. రాణి అని కాదు, 'రాజు' అని రాసి. 1384 అక్టోబరులో చిన్నది యాద్విగాకి క్రాకోవ్‌లో కిరీటం పెట్టారు. ఆ పిల్లకి పదో పదకొండో ఏళ్ళు. ఆవిడనీ 'రాజు' అనే రాశారు. కోషిత్సెలో కుదిరిన బేరం అలా చెల్లింది. యాద్విగా ఆ ఊళ్ళోనే ఉండిపోయింది, ఆ జనానికి దేవతయింది, 1997లో పోపు ఆవిడని సెయింటుగా ప్రకటించాడు.

నోరెత్తని కోడలు కూడా అత్తగారు పోయాక నోరెత్తింది. మేరీ తరఫున హంగేరీని ఏలింది. గద్దెకి పోటీకొచ్చిన బంధువుని 1386లో బుడా కోటలో నరికించింది. ఆ పగతో వాళ్ళ మనుషులు తల్లీకూతుళ్ళని పట్టుకుని, 1387 జనవరిలో సముద్రం ఒడ్డున నోవిగ్రాద్ కోటలో, మేరీ కళ్ళెదుటే తల్లిని పీక పిసికి చంపారు.

ఎలిజబెత్ మఠానికి ఇచ్చిందని భావించే వస్తువొకటి మాత్రం మిగిలింది. న్యూయార్కులో క్లాయిస్టర్స్ మ్యూజియంలో ఉంది. వెండికి బంగారు పూత పూసి, గాజులా మెరిసే మీనాకారీ రంగులు అద్దిన చిన్న పూజామందిరం. రెండు వైపులా మడత తలుపులు. మూస్తే చిన్న పెట్టెలా ఉంటుంది, తెరిస్తే మధ్యలో బిడ్డకి పాలిస్తున్న మేరీమాత.